పాత వీడియో క్యాసెట్లను డీవీడీకి ఎక్కించేటప్పుడు

అక్కయ్య పెళ్లి క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించిన తరువాత, ఆ ఫైలు డీవీడీలో పట్టక, దాన్ని మళ్లీ కుదించడానికే ఒక రాత్రంతా పట్టింది. రికార్డు చేసేటప్పుడే కొలత సరిచూసుకుంటే ఆ శ్రమ ఉండదు.

చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరికే యూఎస్‌బీ క్యాప్చర్ పరికరానికి (టేపులోని బొమ్మను, శబ్దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించేది) వీసీఆర్ (క్యాసెట్ ఆడించే యంత్రం) వెనుకనున్న అవుట్ రంధ్రాల నుంచి పసుపు తీగను బొమ్మకు, తెలుపు, ఎరుపు తీగలను శబ్దానికి కలపాలి. పాత వీసీఆర్‌కు శబ్దపు రంధ్రం ఒక్కటే ఉంటే తెలుపు చాలు. సాఫ్ట్‌వేర్‌లో పాల్ (PAL, మన దేశపు టీవీ పద్ధతి), 720×576 కొలత, సెకనుకు 25 ఫ్రేములు, ఎంపెగ్-2 రకం ఎంచుకుని, వీడియో వేగాన్ని (బిట్‌రేటు) సెకనుకు 4.5 మెగాబిట్ల వద్ద, శబ్దాన్ని 192 కిలోబిట్ల వద్ద ఉంచితే, రెండు గంటల రికార్డింగు సుమారు 4.2 జీబీ అయి, 4.7 జీబీ డిస్కులో మళ్లీ కుదించకుండానే పడుతుంది. మూడు గంటల క్యాసెట్టయితే రెండు డిస్కులు వాడటమే మేలు. వేగం తగ్గించి ఒక్కదానిలో ఇరికిస్తే పట్టుచీరల జరీ అంతా గళ్లుగళ్లుగా కనిపిస్తుంది. ఏళ్లుగా కదలని టేపును ముందు ఒకసారి చివరివరకు తిప్పి, వెనక్కి చుట్టాలి.

అయితే, ఇక్కడి సముద్రపు తేమకు టేపు అంచున తెల్లటి బూజు పట్టిందేమో క్యాసెట్ కిటికీలోంచి వెలుతురులో చూడండి. ఉంటే వీసీఆర్‌లో పెట్టకండి. ఆ బూజు వీసీఆర్‌లో టేపును చదివే హెడ్డుకు అంటుకుని తరువాత పెట్టిన మంచి క్యాసెట్లను కూడా పాడుచేస్తుంది.