యార్డుకు మిర్చి రాకముందే డీఎల్‌ఎల్ రిసోర్సులు చూసుకోండి

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు మిర్చి రావడం మొదలైతే అడ్తి (కమీషన్ ఏజెంట్) దుకాణాల్లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఆపే వీలుండదు. తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం చీటీ) నమూనా, లోగో లాంటి రిసోర్సులను డీఎల్‌ఎల్‌లో (ప్రోగ్రామ్ వాడుకునే లైబ్రరీ ఫైలులో) పెట్టి డాట్‌నెట్‌లో కొత్త వెర్షన్ ఇస్తున్నవాళ్లు ముందే ఇవి చూడండి.

– రిసోర్సును ఏ అసెంబ్లీలో (డాట్‌నెట్‌లో తయారైన ఈఎక్స్‌ఈ లేదా డీఎల్‌ఎల్‌లో) వెతుకుతున్నారు? గెట్‌ఎంట్రీఅసెంబ్లీ ఇచ్చేది ఈఎక్స్‌ఈని. మీ నమూనా ఉన్నది డీఎల్‌ఎల్‌లో. అందులోని ఏదో ఒక క్లాసుకు టైప్‌ఆఫ్ వాడి దాని అసెంబ్లీ తీసుకోండి. ఇది తప్పితే గెట్‌మానిఫెస్ట్‌రిసోర్స్‌స్ట్రీమ్ ఎర్రర్ చూపదు, ఊరికే నల్ (ఏమీ దొరకలేదని ఖాళీ విలువ) ఇస్తుంది. ప్రోగ్రామ్ ఆగేది ప్రింట్ నొక్కినప్పుడు. అప్పటికి కాంటా పూర్తయిన రైతు కౌంటర్ దగ్గర నిలబడి ఉంటాడు. అందుకే నల్ వస్తే ప్రోగ్రామ్ తెరవగానే తెలిసేలా రాయండి.

– రిసోర్స్ పేరు. ఇందులో ఫోల్డర్ గీతలుండవు, చుక్కలే: నేమ్‌స్పేస్, ఫోల్డర్, ఫైలు. క్యాపిటల్, స్మాల్ అక్షరాల తేడా ఉన్నా దొరకదు. ఊహించి రాయకండి, గెట్‌మానిఫెస్ట్‌రిసోర్స్‌నేమ్స్‌తో జాబితా తీసి అందులోంచి కాపీ చేయండి.

– కొత్తగా చేర్చిన ఫైలుకు బిల్డ్ యాక్షన్ ఎంబెడెడ్ రిసోర్స్ అని ఉండాలి.

– సీ ప్లస్ ప్లస్ డీఎల్‌ఎల్ అయితే ఫైండ్‌రిసోర్స్‌కు ఆ డీఎల్‌ఎల్ హ్యాండిలే (లోడ్ చేసినప్పుడు విండోస్ ఇచ్చే గుర్తు) ఇవ్వండి. హ్యాండిల్ బదులు నల్ ఇస్తే ఈఎక్స్‌ఈలో వెతుకుతుంది. ఫ్రీలైబ్రరీతో డీఎల్‌ఎల్ మెమరీ నుంచి దిగిపోతే పాత పాయింటర్ పనికిరాదు, డేటా ముందే కాపీ చేసుకోండి.

– చివరి పరీక్ష మీ సిస్టమ్‌లో వద్దు. కోడ్‌లో ఎక్కడైనా ఫైలు పాత్ మిగిలి ఉంటే ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోని ఫైలు దొరికి అక్కడ అన్నీ నడిచినట్టే కనిపిస్తాయి.