మొదటిసారి ట్రెక్కింగ్‌కి వెళ్తున్నారా? నీళ్లు తాగడం మాత్రం మానకండి

ఈశాన్య రుతుపవనాల వానలు తెరిపివ్వగానే తలకోనలోనూ నాగలాపురం కొండల్లోనూ నీళ్లు నిండుగా ఉంటాయి. తిరుపతిలో ట్రెక్కింగ్ బృందాల్లో పేర్లు రాయించుకునేవాళ్లూ అప్పుడే ఎక్కువ. మొదటిసారి వచ్చేవాళ్లు మాకు ఫోన్ చేసి చిరుతల గురించి, పాముల గురించి అడుగుతారు. అసలు అడగాలనుకున్నది మాత్రం ఫోన్ పెట్టేసే ముందు గొంతు తగ్గించి అడుగుతారు: "అక్కా, అక్కడ బాత్రూమ్ ఉంటుందా?"

లోపల ఉండదు. వ్యాన్ దిగిన చోట ఉంటే ఉన్నట్టు, ఆ తర్వాత తిరిగొచ్చేదాకా అంతా అడవే. ఆ ఒక్క భయంతో చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్లు, పొద్దున్నుంచే నీళ్లు మానేస్తారు. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. మాతో వచ్చిన ఒక కాలేజీ అమ్మాయి బాటిల్ మూత కూడా తియ్యకుండా మధ్యాహ్నం దాకా ఎక్కింది. ముందు తలనొప్పి అంది, కాసేపటికి వాంతి వచ్చేలా ఉందంది, ఆపైన పిక్కలు పట్టేసి బండ మీద కూలబడింది. నీడకు తీసుకెళ్లి ఓఆర్‌ఎస్ గుక్క గుక్కగా తాగిస్తే కానీ లేవలేకపోయింది. ఎందుకు తాగలేదమ్మా అంటే తల దించుకుంది.

డిసెంబరులో కూడా మన దగ్గర మధ్యాహ్నం ఎండ తక్కువేం కాదు. నడిచే ప్రతి గంటకూ సుమారు అర లీటరు లెక్కన, రోజంతా నడకైతే మూడు లీటర్లు మోసుకెళ్లండి. దాహం వేసేదాకా ఆగకుండా మధ్యమధ్యలో తాగుతూ ఉండండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసుంటే అన్ని నీళ్లలోనే కలపాలి, చిక్కగా కలిపితే మేలు పోయి కీడు జరుగుతుంది. మూత్రం ముదురు పసుపులో వస్తుంటే తాగింది చాలలేదని అర్థం.

ఇక వెళ్లాల్సి వచ్చినప్పుడు, "మీరు నడుస్తూ ఉండండి, వస్తాం" అని గైడ్‌తో అంటే చాలు. కారణం ఎవరూ అడగరు. కానీ చెప్పకుండా మాత్రం పక్కకు తప్పుకోకండి, ఒంటరిగానూ వెళ్లకండి. తోడొచ్చినవాళ్లు కాస్త దూరంలో అటు తిరిగి నిలబడితే సరిపోతుంది. ఒక పాత చున్నీ బ్యాగులో ఉంటే అడ్డం పట్టుకోవడానికి పనికొస్తుంది. కూర్చునే ముందు కర్రతో ఆకులు కదిపి చూడండి. కూర్చునే చోటు వాగుకూ దారికీ కనీసం అరవై, డెబ్భై మీటర్ల దూరంలో ఉండాలి, ఎందుకంటే ఆ నీళ్లు కింద మనుషులూ పశువులూ తాగేవే. దొడ్డికైతే మొక్కలకు వాడే చిన్న పారతో ఆరంగుళాల గుంట తీసి, పని అయ్యాక మట్టి కప్పెయ్యాలి. వెట్ వైప్స్ పూడ్చకండి, అవి మట్టిలో కలవవు. జిప్ కవరులో వేసుకుని ఇంటికి తెచ్చెయ్యండి. చేతులకు సబ్బే వాడండి, మట్టి చేతుల మీద శానిటైజర్ సరిగా పనిచెయ్యదు. అయితే సబ్బుతో వాగులోకి దిగకూడదు. బాటిల్‌తో నీళ్లు పట్టుకుని దూరంగా వచ్చి కడుక్కోవాలి.

నెలసరి డేట్ దగ్గర పడిందని ట్రెక్ మానుకోనక్కర్లేదు. వాయిదా వేసే మాత్రలు మందుల షాపులో అడిగి కొనేసుకుని వేసుకోవడం మాత్రం నాకు అస్సలు నచ్చదు. అవి అందరి ఒంటికీ పడవు, డాక్టరును అడగకుండా ఒక్క రోజు సరదా కోసం వాటి జోలికి పోకండి. ఒక చిన్న సంచిలో నాలుగు ప్యాడ్లు, పాత పేపరు, నల్ల కవరు, జిప్ కవరు, మారు లోదుస్తులు, సబ్బు ముక్క పెట్టుకోండి. ఆ సంచి బ్యాగులో అన్నిటికంటే పైన ఉండాలి. ప్యాడ్ నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి మార్చుకోవాలి. నాగలాపురంలో మడుగులు దాటుతూ వెళ్లాలి కాబట్టి తడిసిన ప్యాడ్‌తో నడిస్తే తొడలు ఒరుసుకుపోతాయి. ప్యాడ్‌కు బదులు లోపల పెట్టుకునే మెన్‌స్ట్రువల్ కప్ అలవాటున్నవాళ్లకు అక్కడ హాయి. అలవాటు లేనివాళ్లు మొదటిసారి అడవిలో ప్రయత్నించకండి, ఒకటి రెండు నెలలు ఇంట్లో వాడి చూసుకోండి.

తొడల ఒరుపు మగవాళ్లకూ బాధే, పైకి చెప్పరంతే. జీన్స్ తడిస్తే బరువెక్కుతుంది, ఎంతకీ ఆరదు. త్వరగా ఆరే ప్యాంటు, లోపల సైకిల్ షార్ట్, బయల్దేరే ముందు తొడల మధ్య కాస్త వాజలీన్, ఇంతే మందు. తడి బట్టలతోనే వ్యాన్‌లో గంటలు గంటలు కూర్చుంటే తామర పట్టుకుంటుంది. ఒక జత పొడి బట్టలు వ్యాన్‌లోనే వదిలి వెళ్లండి.

కొత్త బూట్లను కనీసం పది రోజులు వీధిలో తొడుక్కుని తిరిగాకే అడవికి తీసుకురావాలి. మడమ దగ్గర కాస్త వేడిగా, చురుక్కుమన్నట్టు అనిపించిన నిమిషమే ఆగి బూటు విప్పండి. చెమట తుడిచి, ఆ ఎర్రబడిన చోట ముడత రాకుండా ప్లాస్టర్ అంటించి, పొడి సాక్స్ తొడుక్కోండి. గుంపు వెనకబడుతుందని మొహమాటపడితే అరగంటలో బొబ్బ లేస్తుంది, ఆ తర్వాత గుంపంతా మీ నడకకే ఆగాలి.

తిండి సంగతికొస్తే, సద్దికి చింతపండు పులిహోర మేలు. పెరుగన్నం ఎండకు పులుస్తుంది. వాగు నీళ్లు తేటగా కనబడ్డా నేరుగా తాగకండి. తీర్థాల దగ్గర భక్తితో నెత్తిన చల్లుకోండి, తాగే నీళ్లు మాత్రం మీ బాటిల్‌వే కావాలి. నీళ్లు అయిపోతే క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగాకే తాగండి. తిరుమల కొండ మీదుగా వెళ్లే దారైతే స్టీలు బాటిల్ తెచ్చుకోండి, ప్లాస్టిక్‌వి అక్కడ నిషేధం.

డబ్బు కట్టే ముందే గైడ్‌ను గట్టిగా అడగండి. అటవీ శాఖ అనుమతి ఉందా? ఎన్ని గంటల నడక, అందులో నీళ్లలో ఎంత? బృందంలో నడిపించే ఆడమనిషి ఉన్నారా? చివర నడిచేదెవరు? వాన కురిస్తే ఏం చేస్తారు? ఈ ఆఖరి ప్రశ్నకు "ఏం కాదులెండి" అనేవాళ్లతో వెళ్లకండి. 2021 నవంబరు వానలకు తిరుమలకు నడిచి ఎక్కే శ్రీవారి మెట్టు దారే కొట్టుకుపోయి నెలల తరబడి మూసేశారు. మెట్లు కట్టిన దారికే అలా అయితే వాగు దారి ఏపాటిది?

ఇంటికొచ్చిన రాత్రే సబ్బుతో స్నానం చేసి బట్టలన్నీ ఉతకడానికి వేసెయ్యండి. మోకాళ్ల వెనక, చంకల్లో, గజ్జల్లో, చెవుల వెనక పిడుదులు పట్టాయేమో చూసుకోండి. ఉంటే చర్మానికి ఆనించి సన్నటి పట్టకారుతో నిదానంగా లాగాలి. కిరోసిన్ పొయ్యడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. పొదల్లో, గడ్డిలో ఉండే నల్లి లాంటి కంటికి ఆనని పురుగులు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావచ్చు, మన ప్రాంతంలో ఇది ఉంది. అందుకే గడ్డి మీద ఊరికే కూర్చోకుండా దుప్పటి పరుచుకోమనేది. తర్వాత రెండు మూడు వారాల్లోపు జ్వరం వస్తే పారాసిటమాల్‌తో రోజులు నెట్టకండి. ఒంటి మీద ఎక్కడైనా నల్లగా పక్కు కట్టిన చిన్న పుండు ఉందేమో చూసి, ఉన్నా లేకపోయినా అడవికి వెళ్లొచ్చిన సంగతి డాక్టరుకు చెప్పండి. త్వరగా కనిపెడితే మామూలు యాంటీబయాటిక్‌తోనే తగ్గిపోతుంది.