స్టార్ వెనక ఏం రాసినా పట్టించుకోలేదు

హనుమకొండలో మా బావ విత్తనాల షాపుకు బిల్లులు కలిపే చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చాను, జావాస్క్రిప్ట్ ప్రోగ్రామ్‌లను నడిపే నోడ్ జేఎస్ 20లో. ప్రోగ్రామ్ ఏ ఫైళ్లు ముట్టుకోవచ్చో హద్దు పెట్టే దాని పర్మిషన్ మోడల్ వాడి, ఫోల్డర్‌లో ‘స్టార్ డాట్ సీఎస్‌వీ’ (*.csv) ఫైళ్లే, అంటే ముందు పేరేదైనా చివర డాట్ సీఎస్‌వీ ఉన్న బిల్లుల ఫైళ్లే చదవమన్నాను. ఓ రాత్రి ఊరికే, పక్కనే ఉన్న పాస్‌వర్డ్ ఫైల్ తెరవమంటే టక్కున తెరిచేసింది! గుండె గుభేలుమంది.

తీరా చూస్తే, స్టార్ గుర్తు ఫైల్ దారికి (పాత్‌కి) చివరి అక్షరంగా ఉంటేనే లెక్కట. వెనకున్న ‘డాట్ సీఎస్‌వీ’ని వదిలేసి ఫోల్డర్ మొత్తానికి తలుపులు తీసేస్తుంది. డాక్యుమెంటేషన్‌లో ఆ సంగతి స్పష్టంగా లేకపోవడాన్నే 2024 ఫిబ్రవరిలో సీవీఈ-2024-21890 అనే నంబరుతో భద్రతా లోపంగా ప్రకటించారు. అప్పటిదాకా తప్పు నాదేననుకున్నా.

బిల్లులను విడి ఫోల్డర్‌లోకి మార్చి, దానికే అనుమతి ఇచ్చాను. మళ్లీ పాస్‌వర్డ్ ఫైల్ అడిగితే ‘యాక్సెస్ డినైడ్’ అని కసిరింది. పాస్‌వర్డూ మార్చేశాను. బావకు మాత్రం ‘అప్‌డేట్ చేశా’ అని చెప్పా.