నీళ్ల రిపోర్టు మీద లొల్లి లేకుండా వాదించడం ఎట్లా

మర్రిగూడ, మునుగోడు వైపు ఒకే బోరుకు రెండు ల్యాబులు రెండు ఫ్లోరైడ్ అంకెలు ఇస్తే ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోరు. ఒకటి 1.1, ఇంకోటి 1.7 అనుకుందాం. తాగే నీళ్లకు దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా సరే. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. ఆ గీత ఈ రెండు అంకెల మధ్యనే పడింది కాబట్టి మీటింగులో ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు), ల్యాబు కెమిస్టుకు మాటామాటా పెరుగుతది.

మొదటి ప్రశ్న సీసా గురించి అడగండి. "మీ రిపోర్టు తప్పు" అన్నారంటే అవతలి మనిషి తన కొలువు కాపాడుకునే పనిలో పడతాడు, ఇక ఆ సీసాను ఎవరూ పట్టించుకోరు. "సార్, ఈ శాంపిల్ బోరు దగ్గర పట్టిందా, శుద్ధి చేసినాక పట్టిందా? ప్లాస్టిక్ సీసానేనా?" అని అడిగితే జవాబుతో పాటు సగం కారణం కూడా బయటికొస్తది. చాలాసార్లు ఇద్దరూ కొలిచింది ఒకే నీళ్లు కానే కాదు.

నీళ్లు ఒకటే అని తేలితే పద్ధతి అడగాలి. అసలు తకరారు ఎక్కువగా ఉండేది ఇక్కడే. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి 1970ల్లో నాగపూర్ నీరి సంస్థ రూపొందించిన నల్గొండ పద్ధతిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు. ఇక కొలిచే పద్ధతులు రెండు: రంగు పద్ధతి (స్పాడ్‌న్స్), ఎలక్ట్రోడ్ పద్ధతి. రంగు పద్ధతిలో ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ కలిపిన రంగు తగ్గుతది. పటిక వల్ల నీళ్లలో కొంచెం అల్యూమినియం మిగిలితే ఈ పద్ధతి ఫ్లోరైడ్‌ను తక్కువ చూపిస్తది. బ్లీచింగ్ వల్ల క్లోరిన్ మిగిలితే అది రంగును తినేసి ఎక్కువ చూపిస్తది. ఎలక్ట్రోడ్ వాడేవాళ్లు శాంపిల్ ఎంతుంటే అంత టిసాబ్ అనే ద్రావణం కలుపుతారు. అది పీహెచ్‌ను (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకెను) 5 నుంచి 5.5 మధ్య నిలిపి, అల్యూమినియం పట్టుకున్న ఫ్లోరైడ్‌ను విడిపిస్తది. అందుకే శుద్ధి చేసిన నీళ్లలో రంగు పద్ధతి 1.1 అంటే ఎలక్ట్రోడ్ 1.7 అనొచ్చు, ఇద్దరూ చేతిపనిలో ఏ పొరపాటూ చేయకుండానే. ఈ మాట ముందే చెప్పేస్తే సగం వేడి తగ్గుతది. రంగు పద్ధతే వాడాలంటే శాంపిల్‌ను ముందు డిస్టిల్ చేయాల్సిందే.

పలుచన లెక్క కూడా అడగండి. రంగు పద్ధతి నేరుగా 1.4 దాకానే చదువుతది. 4 ఉన్న నీళ్లను 10 మి.లీ. తీసుకొని 50కి పెంచి, వచ్చినదాన్ని 5తో గుణిస్తారు. అక్కడ 0.1 తప్పితే రిపోర్టులో 0.5 అవుతది. "మేడం, ఇది ఎన్ని రెట్లు పలుచన చేసిన రీడింగు?" అంటే ఎవరికీ నొప్పి ఉండదు. పై అధికారి అంకె మీదే అనుమానమైతే మీటింగుకు ముందు పక్కకు పిలిచి అడగండి. పది మంది ముందు అడిగితే, ఒప్పుకోవాలని ఉన్నా ఆయనకు దారి ఉండదు.

మర్యాద అంటే 1.1ని, 1.7ని కలిపి 1.4 అని రాసుకోవడం కాదు. సగం సగం పంచుకోవడానికి ఇది పొలం గట్టు కాదు.

ఇంకా తేలకపోతే మళ్లీ కొలవాలి. దేనితో తేలినట్టో కొలవకముందే కాగితం మీద రాసుకోండి. లేకుంటే ఓడినవాళ్లు ఫలితం వచ్చాక కొత్త షరతు పెడతారు. ఒకే డబ్బాలో నీళ్లు పట్టి కలియబెట్టి రెండు ల్యాబులకూ పంచండి. దానితో పాటు తెలిసిన సీసా ఒకటి పంపండి: 221 మి.గ్రా. సోడియం ఫ్లోరైడ్‌ను లీటరు డిస్టిల్డ్ నీళ్లలో కరిగిస్తే 100 మి.గ్రా. ఫ్లోరైడ్ ద్రావణం. అందులో 15 మి.లీ.ని లీటరుకు పెంచితే 1.5. సీసాల మీద అ, ఆ అని మాత్రమే రాయండి, ఏది ఏదో మూడో మనిషికే తెలియాలి. 1.5 సీసాకు 1.35 నుంచి 1.65 దాటి చెప్పిన ల్యాబు తన ద్రావణాలు మార్చుకొని మళ్లీ చేయాలని ముందే ఒప్పుకోండి. రెండు ల్యాబులూ దాటితే, పంపిన సీసానే మళ్లీ తయారు చేయండి.

తేలేదాకా సర్పంచ్‌కు పెద్ద అంకే చెప్పండి, ఆ నీళ్లు తాగొద్దని. వాదన ల్యాబులోనే ఉండనీయండి. ఊళ్లో ఒకరి మీద ఒకరు చెప్పుకుంటే ఆ తర్వాత ఏ రిపోర్టునూ జనం నమ్మరు.

ఫైలులో రెండు అంకెలూ ఉంచండి, తప్పు తేలినదాన్ని కొట్టేయకుండా. పక్కన బోరు నంబరు, తేదీ, పద్ధతి, ఎన్ని రెట్ల పలుచన అనేవి రాయండి. ఎండాకాలంలో అదే బోరు మీద మళ్లీ పంచాయితీ వస్తే ముందు ఆ కాగితం తీయొచ్చు.