మడిలో దిగే ముందు మీ పాదాలు చూసుకోండి

నాట్ల ముందు విత్తనం చూసుకుంటాం, ఎరువు చూసుకుంటాం. పాదాలను మాత్రం పట్టించుకోం. మడమ పగుళ్లు, ముల్లు గీరిన గాటు, నీళ్లలో నాని చిట్లిన వేళ్ల సందులు: ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) తెచ్చే లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా ఒంట్లోకి చేరడానికి ఈ దారులు చాలు.

ఈ ఏకకణ జీవి చూడదగ్గది. మెలికలు తిరిగిన సన్నని ఒళ్లు, కొక్కెంలా వంగిన కొసలు. మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు, అందుకే మామూలు సూక్ష్మదర్శినికి చిక్కదు. 1915లో జపాన్‌లో ఇనాడా, ఇడో అనే శాస్త్రవేత్తలు బొగ్గు గని కార్మికులను పీడించే కామెర్ల జ్వరానికి మూలం ఇదేనని తేల్చారు. ఇది ఎలుక మూత్రపిండాల్లో కాపురముంటుంది, ఎలుకకు ఏ హానీ చేయదు. మూత్రంతో బయటపడి తడి మట్టిలో, నిలవ నీటిలో వారాల తరబడి బతుకుతుంది. ఎండకు ఆరితే, బ్లీచింగ్ తగిలితే చస్తుంది. పశువులు, పందులు, కుక్కల మూత్రంలోనూ ఉండవచ్చు కాబట్టి కొట్టం కడిగేవాళ్లకూ ముప్పే.

గాయముంటే నీరు చొరని పట్టీ వేసి, మోకాలి వరకు బూట్లు తొడుక్కోండి. బూట్లు బురదలో దిగబడతాయి, నాటు వేసే ఆడవాళ్లకు వాటితో పని సాగదు, నిజమే. అలాంటప్పుడు కాలికి గాయమైన కూలీకి అది మానేదాకా గట్టు మీద పని ఇవ్వడం రైతు బాధ్యత అని నా గట్టి అభిప్రాయం. కూలి కోసం ఎవరూ ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు.

మడి నీళ్లతో ముఖం కడగవద్దు, పుక్కిలించవద్దు. కళ్లు, ముక్కు, నోటి పొరల గుండా కూడా ఇది లోపలికి వెళుతుంది. పని ముగిశాక మంచినీళ్లతో, సబ్బుతో కాళ్లు కడిగి వేళ్ల సందులు పొడిగా తుడవండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ ఇళ్లలోకి వచ్చినట్టు వరద వస్తే, ఆ బురద ఎత్తేటప్పుడూ బూట్లు, చేతి తొడుగులు తప్పనిసరి. ముప్పు ఎక్కువున్న చోట డాక్టర్లు ముందుగానే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందు ఇస్తారు. గర్భిణులకు, చిన్నపిల్లలకు అది పనికిరాదు, సొంతంగా కొని మింగవద్దు.

నీళ్లలో దిగిన 2 రోజుల నుంచి 4 వారాల్లోపు హఠాత్తుగా జ్వరం, తలనొప్పి, పట్టుకుంటే ఓర్చుకోలేనంత పిక్కల నొప్పి, పుసి లేకుండా ఎర్రబడిన కళ్లు కనిపిస్తే ఈ జబ్బేమోనని అనుమానించాలి. డెంగీలాగే కనబడుతుంది కనుక "మడిలో పని చేశాను" అని డాక్టరుకు మీరే చెప్పండి, అడిగేదాకా ఆగవద్దు. తొలి రోజుల్లో రక్తపరీక్షలో తేలకపోయినా జబ్బు లేదని కాదు. త్వరగా మొదలుపెడితే యాంటీబయాటిక్స్ బాగా పనిచేస్తాయి. ఒళ్లునొప్పుల బిళ్లలు మూత్రపిండాలను ఇంకా దెబ్బతీయవచ్చు. జ్వరం తగ్గి మళ్లీ వచ్చినా, కళ్లు పచ్చబడినా, మూత్రం తగ్గినా, దగ్గులో రక్తం పడినా తెల్లవారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లండి.