ఆల్జినేట్ బీడ్లు పీహెచ్ మాట విననప్పుడు

పీహెచ్ (ఆమ్ల-క్షార కొలత) తక్కువగా ఉండే పొట్టలో మందుని పట్టి ఉంచి, అది పెరిగే పేగులో వదలాల్సిన ఆల్జినేట్ (సముద్రపు నాచు జిగురు) బీడ్ల, అంటే చిన్న జెల్ గుళికల, సంగతి ఇది. మందు కలిపిన ఆల్జినేట్‌ని సూదితో కాల్షియం క్లోరైడ్ ద్రావణంలోకి చుక్కలుగా వదిలితే, కాల్షియం దాన్ని బిగించి బీడ్లు చేస్తుంది. కొలతలు: 2% సోడియం ఆల్జినేట్, 3% కాల్షియం క్లోరైడ్, 22 గేజ్ సూది. మందు డైక్లోఫెనాక్ సోడియం, నొప్పి మాత్రల్లో వాడేది.

ఆల్జినేట్ కలుపుతుంటేనే ఉండలు కడుతోంది

పొడి ఒక్కసారిగా గుమ్మరిస్తే ఎవరికైనా ఉండ కడుతుంది. తిరుగుతున్న నీటి సుడిలో కొద్దికొద్దిగా చల్లి, బుడగలు పోయేదాకా రాత్రంతా వదిలెయ్యాలి. అయినా తెరలు తెరలుగా గడ్డ కడితే నీళ్లని అనుమానించాలి. కోనసీమలో సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా, కఠినంగా ఉంటాయి. అందులోని కాల్షియమే ఆల్జినేట్‌ని ముందే బిగిస్తుంది. బీకర్లు ఆఖరిసారి తొలవడానికి కూడా డిస్టిల్డ్ వాటరే వాడండి.

వేసిన మందులో సగం బీడ్లలో లేదు

కాల్షియం క్లోరైడ్ ద్రావణంలోకి కారిపోయింది. ఆ ద్రావణాన్నీ, కడిగిన నీళ్లనీ కొలిచి లెక్క సరిచూసుకోండి. నానబెట్టే సమయం 30 నిమిషాల నుంచి 10కి తగ్గించండి. మెట్‌ఫార్మిన్ లాంటి, నీళ్లలో ఇట్టే కరిగే మందైతే ఈ తిప్పలు మాని వేరే వాహకం చూసుకోవడం నయం.

యాసిడ్‌లో 2 గంటలకి విడుదల దాదాపు సున్నా

చూడ్డానికి సమస్యలా ఉండదు గానీ, అన్నిటికన్నా మోసం చేసేది ఇదే. పరీక్షలో పొట్టకి బదులు వాడే 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో డైక్లోఫెనాక్ దానంతటదే కరగదు. బీడ్ లేకుండా వట్టి పొడిని, అదే మోతాదులో, ఆ యాసిడ్‌లోనే వేసి చూడండి. రీడింగ్ అంతే వస్తే మీ బీడ్ ఆపిందేమీ లేదు. పొట్టలోనూ పేగులోనూ ఒకేలా కరిగే పారాసెటమాల్‌ని ఆ బీడ్‌లో పెట్టి మళ్లీ నడపండి. అది 10% దాటి కారితే పైపూత కావాలి: పీహెచ్ 6 దాటాక కరిగే యూడ్రాజిట్ (పూత పాలిమర్) ఎల్100, పెద్దపేగు దాకా చేరాలంటే 7 దాటాక కరిగే ఎస్100.

6.8 ఫాస్ఫేట్ బఫర్‌లో గంటకే చితికిపోతోంది

ఇది పరీక్షలో పేగుకి బదులు వాడే, పీహెచ్‌ని నిలకడగా ఉంచే ద్రావణం (బఫర్). పీహెచ్ పెరిగింది కాబట్టి విచ్చుకుంది అని రికార్డులో రాసేస్తుంటారు. అది సగమే నిజం. ఆల్జినేట్ ఆమ్ల సమూహాల పీకేఏ (అవి సగం అయాన్లుగా మారే పీహెచ్) 3.4-3.7, అది దాటాక అవి అయాన్లుగా మారి బీడ్ ఉబ్బుతుంది. కానీ బీడ్‌ని కట్టి ఉంచేది కాల్షియం. దాన్ని ఫాస్ఫేట్ లాగేస్తుంది, ఖాళీ అయిన చోట సోడియం చేరుతుంది. తేల్చుకోవాలంటే 6.8 దగ్గరే, సోడియం గాఢత సమానంగా ఉంచి, ఫాస్ఫేట్ లేని మాప్స్ బఫర్‌లో నడపండి. అందులో బీడ్ నిలబడితే చితికించింది ఫాస్ఫేటే. పేగులో ప్రధాన బఫర్ బైకార్బొనేట్, కాబట్టి ఈ తేడాని తేలిగ్గా తీసుకోకూడదు.

1% ఎసిటిక్ యాసిడ్‌లో కరిగించిన 0.5% కైటోసాన్‌లో (రొయ్య పెంకు నుంచి తీసే పాలిమర్) బీడ్లని 15 నిమిషాలు ఉంచితే చితకడం నెమ్మదిస్తుంది. భీమవరం చుట్టుపక్కల రొయ్య పెంకుకి కొదవలేదు గానీ, డీఎసిటైలేషన్ (ఎసిటైల్ సమూహాలు తీసేయడం) శాతం తెలియని కైటోసాన్‌తో ఒక్కో బ్యాచ్ ఒక్కోలా వస్తుంది.

శాంపిల్ తెల్లగా మసకబారితే ముందు కాల్షియం ఫాస్ఫేట్‌ని అనుమానించండి. 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి, మందు లేని ఖాళీ బీడ్ల శాంపిల్‌ని బ్లాంక్‌గా (పోల్చే సున్నాగా) పెట్టి, యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 276 నానోమీటర్ల దగ్గర చదవండి.

7.4కీ 6.8కీ తేడా రావడం లేదు

కేన్సర్ గడ్డ కోసం ఇదే ఆల్జినేట్‌ని నానో కణాలుగా చేసినవాళ్లకి ఎదురయ్యేది; 7.4 రక్తం పీహెచ్. తేడా రాదు, ఈ ఆమ్ల సమూహాలు రెండు చోట్లా పూర్తిగా అయాన్లే. గడ్డ చుట్టూ పీహెచ్ సాధారణంగా 6.5-6.8 ఉంటుంది. పీకేఏ ఆ దరిదాపుల్లో ఉన్న పాలీహిస్టిడిన్ లాంటి పాలిమర్ ఎంచుకోండి. శరీర కణంలోపలికి వెళ్లాక పీహెచ్ 5 దగ్గర తెగి మందు విడిపోవాలంటే, దాన్ని ఆమ్లంలో తెగే హైడ్రజోన్ బంధంతో కట్టండి.

వానాకాలంలో ఎండిన బీడ్లు అతుక్కుంటున్నాయి

గాలిలో తేమ పీల్చాయి. 40 డిగ్రీల దగ్గర బరువు మారడం ఆగేదాకా ఆరబెట్టి, సిలికా జెల్ వేసిన డెసికేటర్‌లో పెట్టండి. డిసొల్యూషన్‌కి (మందు విడుదల పరీక్షకి) తూచేది బయటికి తీసిన వెంటనే.