బరువు తగ్గించే సర్జరీ తర్వాత నెలసరి నొప్పి వస్తే ఏం చేయాలి?

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో మందుల షాపుకు వెళ్లి నెలసరి నొప్పికి మాత్ర అడిగితే, ఎక్కువగా చేతిలో పడేది మెఫ్తాల్ స్పాసే. పిన్ని హ్యాండ్‌బ్యాగులో ఉండేదీ, హాస్టల్లో అక్కలు చెల్లెళ్లకు ఇచ్చేదీ అదే. చాలామందికి బాగానే పనిచేస్తుంది. కానీ బెరియాట్రిక్ (బరువు తగ్గించే) సర్జరీ అయినవాళ్లు, అందులోనూ గ్యాస్ట్రిక్ బైపాస్ లేదా మినీ బైపాస్ చేయించుకున్నవాళ్లు, అన్నిటికన్నా ముందు దూరం పెట్టాల్సింది ఆ మాత్రనే.

నెలసరిలో గర్భాశయం లోపలి పొర నుంచి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలవుతాయి. వాటివల్ల కండరం బిగుసుకుని నొప్పి పుడుతుంది. మెఫ్తాల్ స్పాస్‌లో ఉండే మెఫెనమిక్ యాసిడ్, అదే జాతి మందులైన ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వాటి తయారీకే అడ్డుపడతాయి కాబట్టి నొప్పి తగ్గుతుంది. చిక్కేమిటంటే, జీర్ణాశయం గోడను ఆమ్లం నుంచి కాపాడేవీ ఈ ప్రోస్టాగ్లాండిన్లే. బైపాస్‌లో చిన్న సంచిగా మార్చిన జీర్ణాశయాన్ని పేగుకు కలిపి కుడతారు. ఆ కుట్టు దగ్గర రక్షణ తగ్గితే పుండు పడుతుంది, ముదిరితే రక్తం కారుతుంది, కొన్నిసార్లు చిల్లు కూడా పడుతుంది. మన దగ్గర కడుపులో మంట అనగానే నేరం మిరపకాయ మీదకు నెట్టేస్తాం. ఈ పుండు విషయంలో అసలు ముద్దాయిలు ఈ జాతి నొప్పి మాత్రలూ పొగాకూ.

‘పొద్దున్నే గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాను కదా, ఏమీ కాదు’ అనుకోవద్దు. అది ముప్పును తగ్గిస్తుందేగానీ పూర్తిగా తీసేయదు. ఇంజెక్షన్ చేయించుకున్నా మందు రక్తంలో కలిసి అదే పని చేస్తుంది. స్లీవ్ సర్జరీ (జీర్ణాశయాన్ని సన్నని గొట్టంలా కత్తిరించేది) అయినవాళ్లకు ముప్పు కొంత తక్కువ. కొందరు సర్జన్లు ఈ మాత్రలను రెండు మూడు రోజులకు అనుమతిస్తారు కూడా. అయితే ఆ మాట మీ సర్జన్ నోటి నుంచే రావాలి.

1. నెలసరికి ముందే ఇంట్లోని మాత్రలు సర్దుకోండి

నొప్పితో మెలికలు తిరుగుతున్నప్పుడు షీటు వెనక అక్షరాలు చదివే ఓపిక ఎవరికీ ఉండదు. ఆ పని ముందే చేయాలి. కాంబిఫ్లామ్‌లో పారాసెటమాల్‌తో పాటు ఐబుప్రోఫెన్ ఉంటుంది. వోవెరాన్ అంటే డైక్లోఫెనాక్. డిస్ప్రిన్ ఆస్పిరిన్. రక్తస్రావం ఎక్కువైతే రాసే ట్రానెక్సమిక్ యాసిడ్ మాత్రల్లోనూ కొన్నిటిలో మెఫెనమిక్ యాసిడ్ కలిసి ఉంటుంది. పేరు చివర ‘ఎంఎఫ్’ కనిపిస్తే తప్పకుండా ఆగి అడగండి. గుండె కోసం డాక్టరు ఆస్పిరిన్ రాసి ఉంటే మాత్రం సొంతంగా మానేయకండి, సర్జన్‌తో మాట్లాడండి.

సర్జరీ అయిన సంగతి గైనకాలజిస్టుకే కాదు, పంటి డాక్టరుకూ చెప్పాలి. మందుల షాపులోనూ చెప్పాలి. బరువు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకున్నామని నలుగురిలో అనడానికి మనవాళ్లు మొహమాటపడతారు. సర్జరీ పేరూ తేదీ ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకుంటే, నోరు తెరవకుండా చూపించవచ్చు.

2. నొప్పి ముదరకముందే పారాసెటమాల్

ఇది నెలసరి నొప్పికి మెఫెనమిక్ యాసిడ్ అంత గట్టి మందు కాదు, ఆ నిజం ఒప్పుకోవాలి. అందుకే మొదటి సూచన కనిపించగానే వేసుకోవాలి. పెద్దవాళ్లకు సాధారణంగా 500 లేదా 650 మిల్లీగ్రాములు, మళ్లీ కావాలంటే కనీసం ఆరు గంటల తర్వాత. కాలేయంలో కొవ్వు ఉన్నవాళ్లకూ బరువు 50 కిలోల కన్నా తగ్గినవాళ్లకూ డాక్టరు మోతాదు తగ్గించవచ్చు. జలుబు మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది, లెక్కలో అదీ కలపాలి. సర్జరీ అయిన మొదటి వారాల్లో మాత్ర మింగలేకపోతే సిరప్ అడగండి.

డ్రోటావెరిన్, డైసైక్లోమిన్ కండరం బిగుతును సడలించే మందులు, పై జాబితాలోని జాతికి చెందవు. కానీ అవే పేర్లతో మెఫెనమిక్ యాసిడ్ కలిపినవీ దొరుకుతాయి. డైసైక్లోమిన్ మలబద్ధకం పెంచుతుంది. ఐరన్ మాత్రలతో ఇప్పటికే ఆ బాధ ఉన్నవాళ్లకు ఇది కొత్త తలనొప్పి. డాక్టరు రాస్తేనే వాడండి.

3. కాపడం

వేడినీళ్ల సంచిని బట్టలో చుట్టి పొత్తికడుపు మీద పదిహేను, ఇరవై నిమిషాలు ఉంచండి. రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో ఈ సలహా వింటే బెజవాడవాళ్లకు ఒళ్లు మండుతుందని తెలుసు. ఫ్యాను కిందే పెట్టుకోండి, పని మాత్రం చేస్తుంది. కుట్లు మానేదాకా గాట్ల మీద వద్దు. చర్మం వేలాడి స్పర్శ మొద్దుబారిన చోట చెయ్యి పెట్టి వేడి చూసుకోండి. కొంచెం నడిచినా మేలే.

4. ఇంటి వైద్యంలో బెల్లం తీసేయండి

శొంఠి, వాము కషాయం పలచగా, గోరువెచ్చగా, గుక్క గుక్కగా తాగవచ్చు. కడుపులో మంటగా అనిపిస్తే ఆపేయండి. చిమ్మిలి మాత్రం ఆలోచించాలి. అత్తయ్య ప్రేమగా చేసి పెట్టినా, బైపాస్ అయినవాళ్లకు అందులోని బెల్లం ఒక్కసారిగా పేగులోకి దిగితే చెమటలు, గుండెదడ, విరేచనాలు మొదలవుతాయి. దీన్నే డంపింగ్ అంటారు. నీళ్లు రోజంతా కొద్దికొద్దిగా తాగండి, భోజనంతో కలిపి కాదు.

5. నొప్పి ఎక్కడుందో చూడండి

నెలసరి నొప్పి బొడ్డు కింద మొదలై నడుముకు, తొడలకు పాకుతుంది, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. బొడ్డు పైన మంట, తిన్న తర్వాత ఉండచుట్టే నొప్పి, కుడి డొక్కలో పోటు ఉంటే అది వేరే కథ. పుండు కావచ్చు, పేగు చిక్కుకుని ఉండవచ్చు, త్వరగా బరువు తగ్గినవాళ్లలో తరచు కనిపించే పిత్తాశయ రాళ్లూ కావచ్చు. మలం తారులా నల్లగా వచ్చినా (ఐరన్ మాత్రలతోనూ రంగు మారుతుంది, అయినా చూపించండి), రక్తపు వాంతి అయినా, జ్వరంతో నొప్పి ఆగకపోయినా, కళ్లు తిరిగినా 108కి ఫోన్ చేయండి. నెలసరి ఆలస్యమై నొప్పి వస్తే ముందు గర్భ పరీక్ష చేసుకోండి. బరువు తగ్గాక గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది.

6. ప్రతి నెలా ఇదే బాధైతే

పీసీఓఎస్‌తో (హార్మోన్ల తేడావల్ల అండం సరిగా విడుదల కాని సమస్య) అరుదుగా నెలసరి వచ్చేవాళ్లకు సర్జరీ తర్వాత అండం విడుదల మళ్లీ మొదలై, నెలనెలా వస్తుంది. అండం విడుదలైన నెలల్లోనే నొప్పి ఎక్కువ. ఇన్నేళ్లు లేని నొప్పి ఇప్పుడెందుకన్న ప్రశ్నకు తరచు జవాబు ఇదే. రక్తస్రావం ఎక్కువైతే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్షలు చేయించండి. ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య రెండు గంటల ఎడం ఉంచండి, కాఫీ, టీలతో వేసుకోకండి.

బైపాస్ తర్వాత నోటి మాత్రగా తీసుకునే హార్మోన్లు సరిగా ఒంటపట్టకపోవచ్చు. గర్భాశయంలో అమర్చే, అక్కడే లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్ విడుదల చేసే పరికరానికి ఆ ఇబ్బంది లేదు. నొప్పినీ రక్తస్రావాన్నీ తగ్గిస్తుంది, సర్జరీ తర్వాత ఏడాది, ఏడాదిన్నర గర్భం వద్దని డాక్టర్లు చెప్పే గడువులో రక్షణా ఇస్తుంది. ఇంకా సర్జరీ కానివాళ్లు ముందే గైనకాలజిస్టును కలవడం మంచిది. కొందరికి ఆపరేషన్ రోజునే, అదే మత్తులో దాన్ని అమర్చే వీలుంటుంది.